మొదటి హెచ్చరికకూ రెండో హెచ్చరికకూ మధ్య: క్రానిక్ లుకేమియా చికిత్సలను ముందే తెలుసుకోవడం

కంట్లో శుక్లం తీయించుకోవడానికి భీమవరమో అమలాపురమో వెళ్లిన అరవై అయిదేళ్ల రైతుకు ఆపరేషన్‌కు ముందు మామూలుగా రక్తపరీక్ష చేస్తారు. తెల్లకణాలు 11,000 లోపు ఉండవలసిన చోట 48,000 ఉన్నట్టు కాగితం మీద వస్తుంది. మనిషికి జ్వరం లేదు, ఆకలి తగ్గలేదు, ఆ పొద్దునే చేనికి నీరు పెట్టి వచ్చాడు. ల్యాబ్ వాళ్లు నమ్మలేక రెండోసారి రక్తం తీస్తారు, అంకె మారదు. అక్కడి నుంచి రాజమండ్రికో కాకినాడకో పంపుతారు, కణాల రకాన్ని తేల్చే ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్ష జరుగుతుంది, కొద్దిరోజుల తర్వాత రక్తవ్యాధుల డాక్టరు రెండు మాటలు చెబుతారు. మొదటిది, ఇది క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అంటే రక్త క్యాన్సర్లలో ఒక రకం. రెండోది, ఇప్పుడు మందులేవీ అక్కర్లేదు, మూడు నెలల తర్వాత మళ్లీ రండి.

తిరిగి వచ్చే దారంతా ఆ కుటుంబాన్ని కలవరపెట్టేది మొదటి మాట కన్నా రెండో మాటే. క్యాన్సర్ అన్నారు, మందు లేదన్నారు. వ్యాధి చెయ్యి దాటిపోయిందని కొందరు అనుకుంటారు, డాక్టరుకు సరిగ్గా తెలియలేదని మరికొందరు అనుకుంటారు. రెండూ నిజం కావు. వ్యాధి తొలి దశలో, ఏ బాధా లేని వారికి, ముందుగానే క్లోరాంబుసిల్ మాత్రలు మొదలుపెట్టి చూసిన ఫ్రెంచ్ పరిశోధన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. ముందు మొదలుపెట్టినందువల్ల ఆయుర్దాయం పెరగలేదని తేలింది. ఆ తరువాత వచ్చిన కొత్త తరం మాత్ర ఇబ్రుటినిబ్‌తో జర్మన్ పరిశోధకులు అదే ప్రశ్న వేసి చూస్తే, వ్యాధి ముదరడం ఆలస్యమైంది గాని, బతికే కాలం పెరిగినట్టు కనబడలేదు. అందుకే వైద్యులు వాచ్ అండ్ వెయిట్, అంటే మందు లేకుండా గమనిస్తూ ఆగి చూడటం, అనే పద్ధతిని పాటిస్తారు. ఈ వ్యాధి వచ్చిన వారిలో దాదాపు మూడో వంతు మందికి జీవితాంతం చికిత్స అవసరమే పడకపోవచ్చు. మిగిలినవారికి అవసరం పడినా, కొన్ని నెలలో కొన్నేళ్లో వ్యవధి దొరుకుతుంది.

ఆ వ్యవధిని ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడి విషయం. ఇతర క్యాన్సర్లలో రోగికి ఇంత తీరిక సాధారణంగా దొరకదు. అలా దొరికిన తీరికను కేవలం భయపడటానికో, మరచిపోవడానికో ఖర్చు చేస్తే, మందు మొదలుపెట్టవలసిన రోజున నిర్ణయం ఎవరి చేతిలో పడితే వారిదవుతుంది: అమెరికాలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పంపిన సలహాది, పక్కింటివారి అనుభవానిది, ఆ వారం జేబులో ఉన్న డబ్బుది.

గోదావరి డెల్టాలో ఈ ఆలోచనను వేరే పాఠంగా చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. మొదటి హెచ్చరిక వినగానే లంక గ్రామాల వాళ్లు ఇల్లు వదిలి పరుగెత్తరు. పశువులను ఏ మెరకకు తోలాలో, పడవ ఏ రేవులో ఉందో, బియ్యం, మందులు, పట్టా కాగితాలు ఏ సంచిలో పెట్టాలో చూసుకుంటారు. నీరు గుమ్మంలోకి వచ్చాక ఇవి ఆలోచించేవాడు అన్నీ పోగొట్టుకుంటాడు. మొదటి హెచ్చరికకే ఊరు వదిలిపోయేవాడు ఏటా అనవసరంగా నష్టపోతాడు. సీఎల్ఎల్ అని డాక్టర్లు క్లుప్తంగా పిలిచే ఈ వ్యాధిలో కూడా హెచ్చరికలకు కొలతలున్నాయి, అవి రోగికి తెలిసి ఉండటం మంచిది.

ఆ కొలతల్లో చాలామంది పొరబడేది తెల్లకణాల సంఖ్య దగ్గర. 48,000 కాస్తా 70,000 అయితే ఇల్లంతా గాబరా పడుతుంది. నిజానికి ఆ సంఖ్య ఒక్కటే పెరిగినంత మాత్రాన చికిత్స మొదలుపెట్టరు. అది ఎంత వేగంగా పెరుగుతోందన్నది చూస్తారు. లింఫోసైట్లు, అంటే తెల్లకణాల్లో ఈ వ్యాధి పెంచే రకం, 30,000 దాటిన తరువాత ఆరు నెలల లోపే రెట్టింపు అయితే అది లెక్కలోకి వస్తుంది. వ్యాధి మూలుగను ఆక్రమించడం వల్ల హిమోగ్లోబిన్ 10 కన్నా తగ్గినా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గినా అది ముఖ్యమైన సూచన. ఎడమ డొక్కలో ప్లీహం బాగా పెరిగి కడుపు నిండినట్టు ఉండటం, మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు చాలా పెద్దవి కావడం, ఆరు నెలల్లో బరువు పదో వంతు తగ్గడం, అంటే 70 కిలోల మనిషి ప్రయత్నం లేకుండా 63 కిలోలకు రావడం, ఇవన్నీ ఆ జాబితాలోవే.

రాత్రి చెమటలు పట్టడం కూడా ఒక లక్షణమని డాక్టర్లు అడుగుతారు. కోనసీమ ఉక్కపోతలో మే నెల రాత్రి చెమట పట్టని మనిషి ఉండడు కాబట్టి ఈ ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పడం కష్టం. డాక్టరు అడుగుతున్నది బనియను, దుప్పటి తడిసి మార్చుకోవలసి వచ్చేంత చెమట గురించి, అది నెలకు మించి సాగడం గురించి. ధనుర్మాసపు తెల్లవారుజామున, ఇంట్లో అందరూ దుప్పటి కప్పుకున్న వేళ, ఒక్కరు మాత్రం తడిసి లేస్తుంటే అది చెప్పవలసిన సంగతి. అలాగే హిమోగ్లోబిన్ తగ్గినంత మాత్రాన అది లుకేమియా వల్లే అనుకోకూడదు. ఐరన్ లోపం, బీ12 లోపం, మొలల నుంచి రక్తం పోవడం మన ప్రాంతంలో మామూలే. చికిత్స మొదలుపెడదామని చెప్పినప్పుడు, మిగతా కారణాలు చూశారా అని అడగగలిగిన కుటుంబం ఒక అనవసరమైన మందును తప్పించుకోవచ్చు.

ఇక్కడ రెండు వ్యాధులను విడదీయాలి, ఎందుకంటే ఊళ్లో రెంటినీ కలిపి బ్లడ్ క్యాన్సర్ అనే అంటారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్, వేరే దారిలో నడిచే వ్యాధి. మన దేశంలో క్రానిక్ లుకేమియాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, వయసులో ఉన్నవారికీ వస్తుంది. తొమ్మిదో క్రోమోజోము ముక్క, ఇరవై రెండో క్రోమోజోము ముక్క ఒకదాని స్థానంలోకి ఒకటి మారడం వల్ల బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు ఏర్పడి, తెల్లకణాలను ఆగకుండా పుట్టిస్తుంది. అలా కురచబడిన క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించడంతో దానికి ఆ ఊరి పేరు వచ్చింది. సీఎంఎల్‌లో ఆగి చూడటం ఉండదు, నిర్ధారణ కాగానే మాత్ర మొదలుపెడతారు. కాబట్టి ఆ రోగికి ముందే తెలుసుకోవడమంటే మొదటి మాత్ర గురించి కాదు. ఆ మాత్ర పనిచేయకపోతే ఏం చేస్తారన్న దాని గురించి.

ఆ మొదటి మాత్ర ఇమాటినిబ్. 2001లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. అంతకు ముందు సీఎంఎల్ వచ్చిన మనిషికి మిగిలేది చాలాసార్లు కొన్నేళ్ల కాలం. ఇప్పుడు మందు బాగా పనిచేసిన వారు దాదాపు అందరిలాగే పూర్తి ఆయుర్దాయం బతుకుతున్నారు. మొదట ఆ మాత్ర ఖరీదు సామాన్యుడికి అందేది కాదు. హైదరాబాదు కంపెనీ నాట్కో వీనాట్ పేరుతో, మరికొన్ని భారతీయ కంపెనీలు వేరే పేర్లతో జెనరిక్ మాత్రలు తయారుచేశాయి. పేటెంటు కోసం, ఈ మందును మొదట తెచ్చిన స్విస్ కంపెనీ నోవార్టిస్ సాగించిన పోరాటం సుప్రీంకోర్టులో 2013 ఏప్రిల్ 1న ముగిసింది. పేటెంటు చట్టంలోని 3(డి) సెక్షన్ ప్రకారం దానికి పేటెంటు ఇవ్వడం కుదరదని కోర్టు తేల్చింది. పాలకొల్లు మందుల షాపులో నెల మాత్రలు కొనుక్కోగలుగుతున్న రోగికి ఆ తీర్పుతో నేరుగా సంబంధం ఉంది.

ఇమాటినిబ్‌ను అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం చాలామందికి ఉంటాయి. మనిషి బాగున్నాడు, అంకెలు బాగున్నాయి, ఈ ఉబ్బెందుకని మధ్యలో మాత్ర మానేయడమే ఈ వ్యాధిలో పెద్ద ప్రమాదం. వేసుకోవలసిన మాత్రల్లో పదో వంతు కన్నా ఎక్కువ మానేసిన వారిలో ఫలితం బాగా దెబ్బతిన్నట్టు 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. నెలకు మూడు రోజులు మానడమంటే ఆ పదో వంతే. మూడు నెలలకొకసారి బీసీఆర్-ఏబీఎల్ శాతం చూస్తారు: మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి తగ్గాలన్నది ఆశించే మెట్టు. తగ్గకపోతే మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అని ముందు అడుగుతారు, తరువాత జన్యుమార్పులు వెతుకుతారు. డాసాటినిబ్, నిలోటినిబ్ రెండో వరుస మందులు. డాసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు; నిలోటినిబ్‌ను ఖాళీ కడుపుతో వేసుకోవాలి, అది షుగరును పెంచవచ్చు, రక్తనాళాలను దెబ్బతీయవచ్చు. షుగరు, గుండె జబ్బు ఉన్నవారు ఏ మందు తమకు సరిపడదో ముందే తెలుసుకుని ఉండటానికి ఇదే కారణం. టీ315ఐ అనే మార్పు కనబడితే ఈ మూడు మందులూ పనిచేయవు. పొనాటినిబ్, అసిమినిబ్ వంటివి ఆలోచించాలి. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి సీఎంఎల్ ఉంటే ఈ మాత్రలు గర్భంతో కుదరవు కాబట్టి ఆ సంగతి మొదటి రోజే డాక్టరుతో మాట్లాడాలి, పెళ్లి సంబంధం కుదిరిన తరువాత కాదు.

సీఎల్ఎల్‌కు తిరిగి వస్తే, చికిత్స ఎంపికను నిర్ణయించే పరీక్షలు మూడున్నాయి. 17వ క్రోమోజోములో చిన్న భాగం లోపించిందా, టీపీ53 జన్యువులో మార్పుందా, ఐజీహెచ్‌వీ జన్యువు మారినదా మారనిదా. మొదటి రెండింటిలో ఏదో ఒకటి ఉంటే పాత తరహా కీమోథెరపీ సరిగా పనిచేయదు. ఫ్లుడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ కలిపిచ్చే పద్ధతి అయినా, బెండముస్టిన్ పద్ధతి అయినా. అలాంటి రోగికి ఈ పరీక్షలు చేయకుండా కీమో ఇవ్వడమంటే ఒంటిని కష్టపెట్టి ఫలితం పొందకపోవడమే. ఐజీహెచ్‌వీ ఫలితం కాలంతో మారదు కనుక ఒకసారి చేస్తే చాలు. మిగతావి ప్రతిసారీ కొత్త చికిత్సకు ముందు మళ్లీ చూడాలి. రక్తంతోనే వ్యాధి నిర్ధారణ అవుతుంది కనుక మూలుగ పరీక్ష అందరికీ అవసరం ఉండదన్న సంగతి కూడా తెలిస్తే చాలామందికి సగం భయం పోతుంది.

కొత్త మందుల్లో రెండు దారులున్నాయి. ఇబ్రుటినిబ్, అకాలబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్ ఒక వర్గం: రోజూ వేసుకునే మాత్రలు, పనిచేసినంత కాలం ఆపకుండా సాగేవి. వెనెటోక్లాక్స్‌ను ఒబినుటుజుమాబ్ ఇంజక్షన్‌తో కలిపిచ్చేది రెండో దారి: దాదాపు ఏడాదితో ముగుస్తుంది. రెండూ మంచివే అయినప్పుడు, రోగి బతుకు తీరే ఎంపికను నడిపిస్తుంది. మాత్రల దారిలో మొదట్లో మెడలో, చంకల్లో ఉన్న బిళ్లలు కరిగి వాటిలోని కణాలు రక్తంలోకి రావడం వల్ల తెల్లకణాల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. ఇది తెలియని కుటుంబం మందు వికటించిందని మానిపిస్తుంది. బీపీ పెరగడం, గుండె లయ తప్పడం, గాయమైతే రక్తం త్వరగా ఆగకపోవడం ఈ వర్గపు మందులతో ఉండే ఇబ్బందులు. గుండెకు స్టెంటు వేసి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న పెద్దలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్ల గుండె డాక్టరు, రక్తవ్యాధుల డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూసుకోవాలి. ఇబ్రుటినిబ్ వాడేవారు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని మందు కాగితంలో రాసి ఉంటుంది. ఆ పండు ఇక్కడ ఎవరూ తినరు గనుక ఆ వాక్యాన్ని దాటేస్తారు. దాని దగ్గరి బంధువు పంపర పనస మన పెరళ్లలోనే కాస్తుంది. మందు ఒంట్లో విచ్ఛిన్నం కావడాన్ని అడ్డుకునే పదార్థాలు అందులోనూ ఉన్నాయి. మాత్ర మొదలయ్యాక తొనలు వలిచి పెట్టే ముందు ఇంట్లో వాళ్లకు ఈ సంగతి తెలియాలి.

వెనెటోక్లాక్స్ సంగతి వేరు. కణాలు ఒక్కసారిగా చనిపోతే వాటిలోని పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి వచ్చి మూత్రపిండాలను, గుండెను దెబ్బతీయవచ్చు. అందుకే 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం వారం 50, 100, 200, 400కు పెంచుతారు. పెంచిన ప్రతిసారీ రక్తపరీక్ష, ధారాళంగా నీళ్లు తాగడం, అవసరమైతే ఆసుపత్రిలో పడక. ఆ అయిదు వారాలు రోగి ఆసుపత్రికి దగ్గరగా ఉండాలి. ఏటి మధ్య లంకలో ఉండి పంటు మీద రేవు దాటవలసిన మనిషికి జూలై, ఆగస్టు నెలల్లో వరద వస్తే దాటటమే ఆగిపోతుంది. వ్యాధి తొందరపెట్టనప్పుడు ఆ వారాలను సార్వా కోతలయ్యాక పెట్టుకోవచ్చు, రాజమండ్రిలో బంధువుల ఇంట్లో ఉండే ఏర్పాటు చేసుకోవచ్చు. డాక్టరుకు ఈ పంటు సంగతి తెలియదు, చెప్పవలసింది రోగి.

ఖర్చు ప్రశ్న ఇంతకన్నా ముందే అడగవలసినది. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవలో ప్యాకేజీల పద్ధతి ఉంది. తమ వ్యాధికి డాక్టరు ఆలోచిస్తున్న మందు అందులో ఉందా, ఉంటే ఏ ఆసుపత్రిలో, లేకపోతే నెలకు ఎంతవుతుందన్నది ఆసుపత్రిలోని పథకం ఉద్యోగిని తీరికగా ఉన్న రోజు అడిగి కాగితం మీద రాసుకోవాలి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో నిమ్స్, ఎంఎన్‌జే ఆసుపత్రులు ఉన్నాయి. చికిత్స అవసరం లేని రోజుల్లోనే అలాంటి చోట ఒకసారి రెండో అభిప్రాయం తీసుకుని ఫైలు తెరిపించుకుంటే, అవసరం వచ్చిన రోజున కొత్త రోగిగా వరుసలో నిలబడే పని తప్పుతుంది. ఏడాదితో ముగిసే చికిత్సకు మొత్తం ఖర్చు ముందే లెక్క తేలుతుంది. ఏళ్ల తరబడి సాగే మాత్రకు తేలదు. పొలం అమ్మాలా అన్న ప్రశ్న ఈ తేడా దగ్గరే పుడుతుంది.

ఇవన్నీ తెలుసుకోవడానికి పెద్ద అడ్డంకి మన ఇళ్లలోనే ఉంది. "నాన్నగారికి చెప్పకండి, తట్టుకోలేరు" అని డాక్టరు గది బయట కొడుకులు, కూతుళ్లు అడ్డుపడతారు. ప్రేమతోనే అంటారు, అందులో సందేహం లేదు. తీవ్రమైన వ్యాధిలో ఆ మాటకు ఏమైనా అర్థముందేమో గాని, పదేళ్లు ఆగి చూడదగిన వ్యాధిలో అది రోగికి హాని చేస్తుంది. రక్తంలో ఏముందో తెలియని మనిషి జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ చేయించుకుని ఊరుకుంటాడు. సీఎల్ఎల్‌లో రోగనిరోధక శక్తి మందు మొదలవక ముందే తగ్గి ఉంటుంది. న్యుమోనియా, సర్పి వంటివి సులువుగా వస్తాయి. న్యుమోనియా టీకా, ఏటా ఫ్లూ టీకా ఈ ఆగి చూసే కాలంలోనే వేయించుకోవాలి, చికిత్స మొదలయ్యాక వేస్తే అంత బాగా పట్టవు. బతికున్న క్రిములతో తయారైన టీకాలు మాత్రం వేయించుకోకూడదు. హెపటైటిస్ బీ పరీక్ష కూడా ముందే చేయించాలి, ఎందుకంటే రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్ ఇంజక్షన్లు లోపల నిద్రపోతున్న ఆ వైరస్‌ను లేపగలవు. తనకు ఏం జబ్బో తెలియని మనిషి చేత వీటిలో ఏ ఒక్కటీ సరిగ్గా చేయించలేం.

ఎక్కువ చదివితే భయం పెరుగుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. ఆ భయం చాలావరకు పాత లెక్కల నుంచి వస్తుంది. ఇన్నేళ్లే బతుకుతారని కనిపించే అంకెలు చాలా వరకు ఈ మాత్రలు రాకముందు వైద్యం చేయించుకున్న వారివి. లుకేమియా వైద్యం ఎంత తొందరగా మారుతుందో ఈ డెల్టాకు తెలియవలసినట్టు మరో చోటికి తెలియనక్కర్లేదు: 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌తోనే అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో పసిపిల్లల తీవ్ర లుకేమియాను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించి చూపారు. అది వేరే లుకేమియా, వేరే మందు. కానీ అంతకు ముందు ఏడాది పుస్తకం చదివిన వారికి ఆ వ్యాధికి మందు లేదనే కనబడి ఉంటుంది. చదివే కాగితం మీద ఏ సంవత్సరం ఉందో చూడటం అలవాటు చేసుకుంటే సగం భయం తగ్గుతుంది. మందుల మోతాదులు, అరుదైన దుష్ప్రభావాలు బట్టీ పట్టనక్కర్లేదు. అవి డాక్టరు పని.

రోగి పని వేరే ఉంది. ప్రతి రక్తపరీక్ష కాగితం తేదీ వరుసలో ఒక ఫైలులో పెట్టి, మొదటి పేజీలో తేదీ, హిమోగ్లోబిన్, లింఫోసైట్లు, ప్లేట్‌లెట్లు, బరువు అని అయిదు గళ్లు గీసి నింపుకుంటే, రెండేళ్ల తర్వాత రెట్టింపు వేగం ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ పేజీ వెనక ఒక ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: రోజూ ఒక మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి సాగడమా, ఏడాది పాటు ఆసుపత్రి చుట్టూ తిరిగి తరువాత మందు లేకుండా ఉండటమా, తనకు ఏది కుదురుతుంది. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒకటి రాస్తుంది, రెండు పంటలు తనే చూసుకునే రైతు మరొకటి రాస్తాడు. ఆ కాగితాన్ని మూడు నెలలకొకసారి డాక్టరు ముందు పెట్టవచ్చు, మనసు మారితే కొట్టేసి మళ్లీ రాయవచ్చు.